చేతులు ఆగినంతసేపు

ఆఫీసులో అందరూ ఆయన్ని అర్థమైందిగారు అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎవరైనా వచ్చి, "సార్, నా కంప్యూటరు పొద్దున్నుంచీ..." అని నోరు తెరిస్తే చాలు, "అర్థమైంది, అర్థమైంది" అంటూ లేచి నిలబడతాడు. అప్పటికే స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజంగానే అర్థమై ఉంటుంది, అబద్ధమెందుకు ఆడాలి. మిగతా రెండుసార్లు మాత్రం బాగున్నదాన్ని విప్పి పరిచి, చెడినదాన్ని అలాగే వదిలేసి, చేతులు దులుపుకుని వచ్చేస్తాడు.

ఈ అలవాటు ఆయనకి ఊరికే రాలేదు. ఆయనకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క ఉంది. మూడో ఏట పెద్ద జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయింది, దాంతో మాటా పోయింది. అమ్మకీ నాన్నకీ రా, తిను, పడుకో అనే మూడు నాలుగు సైగలు తప్ప ఇంకేమీ పట్టుబడలేదు. తమ్ముడికి మాత్రం అక్క సైగలు తల్లిపాలతోపాటే వచ్చేశాయి. ఆ తర్వాత అక్క చెవిటిపిల్లల బడికి వెళ్లి అసలైన సైగల భాష నేర్చుకుంటే, సెలవులకి వచ్చినప్పుడల్లా అదీ నేర్చేసుకున్నాడు. ఏడేళ్లు వచ్చేసరికి ఇంట్లో దుబాసీ ఉద్యోగం వాడిదే. చుట్టాలొచ్చినా, డాక్టరు దగ్గరికి వెళ్లినా, చెప్పుల కొట్లో సైజు కుదరకపోయినా, "ఒరేయ్, అక్క ఏమంటోందిరా?" అనేవాళ్లు. అక్క రెండు నిమిషాలపాటు చేతులు తిప్పి చెప్పింది వాడు రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. "బాగానే ఉందట." "వద్దట." పెద్దవాళ్లకి అది చాలా ముద్దొచ్చేది. ఎంత చురుకో వెధవ అని మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకోలు రుచి మరిగాక ఇక మొదటి రెండు సైగలు చూసి మిగతాది ఊహించేయడం మొదలైంది. అర్థం చేసుకోవడంలో వేగం పెరిగింది, చివరిదాకా చూసే ఓపిక తరిగింది.

ఇప్పుడు అక్కకి నలభై నాలుగు, తమ్ముడికి నలభై. అక్క పెళ్లి చేసుకోనంది, ఎందుకో ఎవరూ నిదానంగా అడగలేదు. తమ్ముడూ మరదలూ ఆమే, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. బజారులో మేడమీద బట్టలు కుట్టే కార్ఖానా ఒకటుంది. అక్క అక్కడ ఇరవై రెండేళ్లుగా కత్తిరింపు బల్ల దగ్గర పనిచేస్తోంది. ఏ కొత్త గుడ్డ వచ్చినా ముందు దాని మీద రెండు చేతులూ ఆనించి కదలకుండా నిలబడుతుంది. కొత్త మేనేజరు ఎవరైనా వస్తే, ఈవిడ నిలబడి నిద్రపోతోందా అనుకుంటాడు. ఆ తర్వాత సుద్ద అందుకుందంటే ఇక ఎక్కడా ఆగదు, గీసిన గీత చెరపదు. ఆవిడ కత్తిరించిన గుడ్డలో పిసరంత కూడా దండగ పోదని దర్జీలు చెప్పుకుంటారు.

వేరే ఊళ్లో ఉన్న ఒక చెవిటిపిల్లల బడి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ పెద్దపిల్లలకి కత్తిరింపు నేర్పే టీచరు కావాలట. అక్క పనితనం గురించి ఎవరో చెప్పారట. ఆ బడి పెద్ద టీచరమ్మకి కూడా చెవులు వినపడవు. రానూపోనూ రెండు రోజుల ప్రయాణం పెట్టుకునే ముందు ఒకసారి చేతులారా మాట్లాడుకుందామని రాశారు. వాళ్ల బళ్లో కంప్యూటరుకి కెమెరా పెట్టారు, టెలిఫోను వాళ్లు కొత్తరకం డిజిటల్ లైను ఇచ్చారు. మీ తమ్ముడుగారి ఇంట్లో కూడా అలాంటిదే ఉందని తెలిసింది, వీలవుతుందా అని అడిగారు.

అక్క ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. తమ్ముడు ఒక్కసారి, అదీ చివరి పేరా మాత్రమే చదివాడు. అర్థమైంది అన్నాడు. ఆయనకి అందులో కనపడింది అక్క ఉద్యోగం కాదు, ముందుగదిలో టెలిఫోను తీగని కంప్యూటరుకి కలిపే తన మోడెం.

ఆ లైనుని ఐఎస్‌డీఎన్ అంటారు. చూడ్డానికి మామూలు టెలిఫోను తీగే, కానీ లోపల రెండు దారులుంటాయి. ఒకదాంట్లో ఫోను మాట్లాడుకుంటూ రెండోదాంట్లో కంప్యూటరు నడుపుకోవచ్చు. కావాలనుకుంటే రెండూ కలిపి కంప్యూటరుకే ఇచ్చెయ్యొచ్చు, అప్పుడు వేగం రెట్టింపు. ఒక్క దారి మీద కూడా బొమ్మ వస్తుంది గానీ మనిషి ముఖం దాకానే తెలుస్తుంది. చెయ్యి కదిలిందంటే పొగలాగా అలుక్కుపోతుంది. నోటితో మాట్లాడేవాళ్లకి దాంతో పనేముంది, మాట వినపడితే చాలు. చేతులతో మాట్లాడేవాళ్లకి వేళ్లు విడివిడిగా కనపడి తీరాలి. అంటే రెండు దారులూ ఒకటి చెయ్యాలి.

ఆయన కంప్యూటరులో ఉన్నది యూనిక్స్ జాతి సిస్టమ్. బొమ్మల మీద నొక్కితే అయ్యే పనులు కావు అక్కడ. ఒక ఫైలు తెరిచి, ఏం కావాలో వరసగా టైపు చేసుకుంటూ పోవాలి. ఒక చుక్క తేడా వచ్చినా మొహం తిప్పుకుంటుంది. అర్థమైందిగారికి అదంటే ప్రాణం. రెండు దారులకీ రెండు నంబర్లు రాశాడు. ఇవి వేరువేరు కాల్స్ కావు, రెండూ ఒకే కట్ట అని చెప్పే వాక్యం రాశాడు. మొదటిరోజు రెండో దారి డయల్ అవడం, ఠక్కున పడిపోవడం, ఇదే తంతు. బళ్లో కంప్యూటరు పాఠాలు చెప్పే మాస్టారికి ఫోను చేస్తే, ఆ కట్ట సంగతి అవతలి మెషీనుకి ఎవరూ చెప్పలేదని తేలింది. అది సరిచేశాక లైను నిలబడింది గానీ వేగం మాత్రం పెరగలేదు. తల గోక్కుని చూస్తే, మోడెంకీ మెషీనుకీ మధ్య ఉన్న తీగే తక్కువ వేగంలో పెట్టి ఉంది. గుమ్మం ఇరుకైతే వెనక రెండు దారులున్నా ఏం లాభం? దాన్నీ పెంచాడు. మూడో రోజు మధ్యాహ్నానికి మోడెం మీద రెండు ఆకుపచ్చ దీపాలూ పక్కపక్కన వెలిగాయి.

చివరగా ఫైలులో ఇంకో వాక్యం కూడా రాశాడు. ఆఫీసులో ఏ మెషీను పెట్టినా చెయ్యి దానంతట అదే రాసే వాక్యం అది. రద్దీ ఉన్నప్పుడే రెండో దారి తెరువు, ఐదు సెకన్లు రద్దీ తగ్గితే మూసెయ్, మళ్లీ పెరిగితే మళ్లీ డయల్ చెయ్. రెండు దారులూ కంప్యూటరే పట్టుకుని కూర్చుంటే ఇంటి ఫోను మోగదు. ఆఫీసులో ఏదైనా కూలబడితే ఆయనకి కబురు అందొద్దూ? ఖాళీగా పడున్న దారిని అట్టిపెట్టుకోవడం ఆయన వృత్తిలో మహాపాపం.

పరీక్ష కోసం కెమెరా ముందు కూర్చుని రెండు చేతులూ గిరగిరా తిప్పాడు. గుమ్మంలోంచి చూసిన భార్య, "ఏవండీ, ఈగలు తోలుతున్నారా?" అని అడిగి వెళ్లిపోయింది. అవతల మాస్టారు వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు. ఇంకేం కావాలి?

సోమవారం అక్క కార్ఖానాలో ఒక పూట సెలవడిగి వచ్చి, మూడు గంటలకి ఇస్త్రీ చీర కట్టుకుని కెమెరా ముందు కూర్చుంది. తెర మీద పెద్ద టీచరమ్మ కనపడగానే ఇద్దరూ నమస్కారాలు చేసుకున్నారు. దీపాలు రెండూ వెలుగుతున్నాయి. ఇక ఇక్కడ నా పనేముంది అనుకుని తమ్ముడు పక్కగదిలోకి వెళ్లి ఆఫీసు కాగితాలు ముందేసుకున్నాడు. ఇరవై రెండు నిమిషాలకి అక్క బయటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. "నేను ఆలోచించినప్పుడు..." అని చేతులు మొదలుపెట్టింది. "అర్థమైంది, కంగారు పడ్డావు, ఏం ఫరవాలేదు" అని భుజం తట్టాడు. అప్పుడే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, అటు వెళ్లాడు. అక్క చేతులు దించేసుకుంది.

గురువారం ఫ్యాక్సు వచ్చింది. పెద్ద టీచరమ్మ మర్యాదగానే రాశారు. "మీ అక్కగారి పనితనం గురించి విన్నది నిజమే అయి ఉండవచ్చు. కానీ ఆమె ప్రతి జవాబూ మధ్యలో నుంచి మొదలుపెడుతున్నారు. పిల్లలకు పాఠం మొదటి నుంచి కావాలి. ఆమెకు ఇష్టమైతే వచ్చే సోమవారం మరొక్కసారి మాట్లాడదాం. అప్పుడూ ఇలాగే ఉంటే వేరొకరిని తీసుకోక తప్పదు."

ఆ కాగితం చదవగానే ఆయనకి ముందు కలిగింది బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. ఉన్నమాటే చెప్పుకోవాలి కదా. అక్క ఎక్కడికీ వెళ్లదు, ఇల్లు ఇలాగే ఉంటుంది, ఎవరైనా వచ్చి అక్క ఏమంటోంది అని అడుగుతారు, తను చెప్తాడు. అనిపించిన మరుక్షణమే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. భార్య ఆ మొహం చూడనే చూసింది.

"మీకు సంతోషంగా ఉంది" అంది.

 ఆవిడ ఆ ఫ్యాక్సు తీసుకెళ్లి వదినగారి చేతికిచ్చింది. మర్నాడు అక్క పనికి వెళ్లలేదు. ఇరవై రెండేళ్లలో జ్వరం లేకుండా రోజంతా నాగా పెట్టడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. మరదలు కాఫీ ఇస్తే తాగింది, అన్నం పెడితే తింది, ఒక్క సైగ కూడా చెయ్యలేదు.

ఆ మౌనం ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. శనివారం పొద్దున్నే మెషీను ముందు కూర్చుని సోమవారం నాటి చిట్టా తెరిచాడు. ఏ నిమిషానికి ఏం జరిగిందో మెషీను అందులో రాసిపెడుతుంది. రెండో దారి లేచింది, పడింది, లేచింది, పడింది. ఇరవై రెండు నిమిషాల్లో పందొమ్మిదిసార్లు!  అంటే లైను చెడిపోయిందన్నమాట. అర్థమైంది. టెలిఫోను వాళ్లని పిలిపించాడు, వాళ్లు గంటసేపు పరీక్షించి తీగ నిక్షేపంలా ఉందన్నారు. మోడెం తీగ మార్చాడు. మోడెంని తిట్టాడు. బళ్లో మాస్టారికి ఫోను చేసి, తప్పు మీవైపే ఉందని దబాయించాడు. 

అక్క లేచి వచ్చి బల్ల మీద వేలితో కొట్టింది. చెప్పేదా అని అడిగింది. చెప్పు అన్నాడు గానీ కళ్లు తెర మీదే ఉన్నాయి. అక్క చెయ్యి చాచి, ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"సోమవారమే చెప్పబోయాను. మొదట్లోనే వెళ్లిపోయావు" అన్నాయి ఆ చేతులు. "ఆవిడ అడుగుతుంది. నేను ఆలోచిస్తాను. ఆలోచిస్తుంటే నీ రెండో దీపం ఆరిపోతుంది. చెప్పడం మొదలుపెట్టాక కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. అది వెలిగేదాకా ఆవిడ కళ్లు చికిలించి చూస్తుంది. నా మొదటి మాటలు ఆవిడకి చేరడం లేదు."

ఆయన ఈసారి అర్థమైంది అనలేదు. ఫైలు తెరిచి తను రాసిన ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు. ఐదు సెకన్లు. చేతులు కదలకపోతే బొమ్మలో కదలిక ఉండదు, కదలిక లేకపోతే దారిలో రద్దీ ఉండదు. రద్దీ లేదు గనక మెషీను ఆ దారి మూసేస్తోంది. మళ్లీ చేతులు లేచాక, రద్దీ పెరిగిందని గమనించి, డయల్ చేసి, కట్టలో కలుపుకునే సరికి ఏడెనిమిది సెకన్లు. ఆ ఏడెనిమిది సెకన్లలో అక్క చెప్పినదంతా పొగ. అక్క చేతులు ఆగాయంటే చెప్పడానికేమీ లేదని మెషీను అనుకుంటోంది. మెషీనుకేం తెలుసు, దానికి అలా అనుకోమని రాసిచ్చింది తనే. తను పరీక్ష చేసినప్పుడు చేతులు ఒక్క క్షణం ఆపితే కదా ఈ సంగతి తెలిసేది! అక్క మాటలో సగం చేతులు ఆగినప్పుడే జరుగుతుందని నలభై ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉన్న మనిషికి తట్టలేదు.

ఆ వాక్యం తీసెయ్యడానికి అర నిమిషం చాలు. అయినా ఆయన వెంటనే తియ్యలేదు. వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. అక్కకి రోగం తెలిసింది గానీ మందు తెలియదు. ఈ మోడెం గుణమే అంత, ఏమీ చెయ్యలేం అని చెప్తే నమ్ముతుంది. ఇన్నేళ్లూ బయటి లోకం ఏమంటోందో ఆయన చెప్పిందే నమ్మింది కదా. ముప్పై మూడేళ్లుగా ఆయన ఒకరికి నోరు. ఆమె వెళ్లిపోతే ఆ నోటికి పనేముంది? ఇదంతా ఆయన తలలో తిరిగింది, తిరగలేదని నేను వెనకేసుకురాను. కానీ అక్క పక్కనే నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది. ఆవిడ ముందు అబద్ధపు మొహం పెట్టడం ఆయనకి చిన్నప్పటినుంచీ చేతకాదు. వాక్యం తీసేశాడు. మాట్లాడుకున్నంతసేపూ రెండు దారులూ తెరిచే ఉంచు, ఏమీ రాకపోయినా సరే అని కొత్తది రాశాడు. సోమవారం మూడు నుంచి నాలుగింటి దాకా ఫోనులో దొరకనని ఆఫీసులో చెప్పాడు. ఏదైనా కూలితే ఎలాగని మేనేజరు అడిగితే, కూలనివ్వండి అన్నాడు.

సోమవారం వచ్చింది. "కూర్చో. లేచి వెళ్లకు" అంది అక్క. కెమెరాకి కనపడకుండా, తెరా అక్కా తనకి కనపడేలా, ఆయన పక్కన స్టూలు వేసుకున్నాడు.

పెద్ద టీచరమ్మవి పెద్ద చేతులు, తెల్లటి పొట్టి జుట్టు, దళసరి కళ్లద్దాలు. మొదటిరోజు పిల్లలకి ఏం నేర్పుతావని అడిగారు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఐదు సెకన్లు, పది సెకన్లు. దీపాలు కదల్లేదు. అప్పుడు చెప్పింది, మొదటి మాట నుంచి. మొదటిరోజు కత్తెర ఇవ్వనంది. గుడ్డ చేతికిచ్చి, ఎటు లాగితే సాగుతుందో ఎటు లాగితే సాగదో కళ్లు మూసుకుని చెప్పమంటానంది. పెద్ద టీచరమ్మ ముందుకి వంగి కూర్చున్నారు. పాడైన గుడ్డ గురించి అడిగారు, మొండికేసే పిల్లల గురించి అడిగారు. ప్రతిసారీ అక్క ఆగింది, ప్రతిసారీ ఆవిడ ఆగారు. తొందర ఎవరికీ లేదు. ఆ గదిలో తొందరపడుతున్నది స్టూలు మీద కూర్చున్నాయన ఒక్కడే.

ఆఖరికి ఆవిడ ఒకటి అడిగారు. "ఈ ఊళ్లో నీకెవరూ లేరు. బళ్లో సరే. బజార్లో, ఆసుపత్రిలో ఎలా నెట్టుకొస్తావు? ఇప్పటిదాకా నీ తరఫున ఎవరు మాట్లాడారు?"

అక్క చేతులు ఒళ్లోకి వెళ్లాయి. పది సెకన్లు. ఇరవై. ఆ జవాబు ఆయనకి తెలుసు, నోటి చివర, కాదు, వేళ్ల చివరే ఉంది. చేతులు పైకి లేవబోతే మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

"మా తమ్ముడు మాట్లాడాడు" అంది అక్క. "వాడికి ఏడేళ్లప్పటినుంచీ. తోటిపిల్లలు ఆడుకుంటుంటే వాడు నా వెంట తిరిగాడు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు." చేతులు మళ్లీ ఆగాయి. తర్వాత ఇంకా నెమ్మదిగా లేచాయి. "మంచివాడు. కానీ సగమే చెప్తాడు. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడికి వచ్చాక నా మాట నేనే చెప్పుకుంటాను. రాసి చూపిస్తాను. వాళ్లు ఆగి చదివేదాకా నిలబడతాను."

పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒకటో తారీకుకల్లా రాగలవా అని అడిగారు. దానికి మాత్రం అక్క ఆలోచించలేదు.

లైను తెగ్గొట్టారు. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం వచ్చిందో, బాధ కలిగిందో, అక్కని చూసి గర్వమేసిందో ఆయనకే తెలియలేదు, మూడూ ఉన్నాయేమో. స్టూలు ముందుకు లాక్కుని అక్కకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ మిగతా సగం నాకు చెప్పవా?" అని అడిగాడు.

అక్క ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఆయనా చూస్తూ ఉండిపోయాడు. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఆయన కళ్లు అటు వెళ్లలేదు.

"నీకు ఏడేళ్లప్పుడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగాడు" అంది అక్క. "నేను చాలాసేపు చెప్పాను. నొప్పి తగ్గిపోయింది, ఆ తలుపు వెయ్యొద్దని చెప్పు, అమ్మని బయటికి పంపొద్దని చెప్పు, నాకు భయమేస్తోంది అన్నాను. నువ్వు వాళ్లతో, కడుపులో నొప్పట అన్నావు. అందరూ నిన్ను మెచ్చుకున్నారు. తలుపు వేసేశారు."

ఆయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. 

"తర్వాత?" అని అడిగాడు.